ట్రైకోడెర్మా, వరిగడ్డి, ఒక ఎక్సెల్ షీటు: జన్యు నియంత్రణకు మోడల్ కట్టడం ఎలా

ఇంటర్లో బైపీసీ తీసుకునేదే లెక్కలు తప్పించుకోవడానికి. అందుకే ఎమ్మెస్సీ బయోటెక్నాలజీకి వచ్చాక గైడు "మీ ఫంగస్‌కి ఒక మ్యాథమెటికల్ మోడల్ కూడా పెట్టండి" అనగానే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. అంత భయపడాల్సిన పనేం లేదు. కూడిక, తీసివేత, హెచ్చవేత, భాగహారం వస్తే చాలు, మిగతాది ఎక్సెల్ చూసుకుంటుంది. నెల్లూరు దగ్గర కాకుటూరు యూనివర్సిటీలో చదువుతున్నా, కావలిలోనో ఒంగోలులోనో కాలేజీలో చదువుతున్నా, ల్యాబ్‌లో ఒక షేకరు, ఒక కలరీమీటరు ఉంటే కింద చెప్పిన పనంతా చేయొచ్చు.

ఉదాహరణకి మన దగ్గర ఎక్కువమంది ఎంచుకునే ప్రాజెక్టునే తీసుకుందాం: వరిగడ్డి, సెల్యులేజ్. పెన్నా ఆయకట్టులో గడ్డికి కరువు లేదు. కోతలైన వారంలో కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు వెళ్తే ఎవరైనా సంచి నింపి పంపిస్తారు. ఆ గడ్డిలో దాదాపు మూడో వంతు సెల్యులోజ్. దాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైములను (వీటినే సెల్యులేజ్ అంటారు) కుప్పలుగా వదిలే శిలీంధ్రం ట్రైకోడెర్మా రీసై.

ముందు ప్రశ్న రాసుకోండి

"ట్రైకోడెర్మాలో సెల్యులేజ్ ఉత్పత్తికి మోడల్" అనేది శీర్షిక మాత్రమే. దాన్ని ప్రశ్నగా మార్చండి: "ఫ్లాస్కులో గ్లూకోజ్ ఉన్నంతసేపూ సెల్యులేజ్ జన్యువు ఎంత అణిగి ఉంటుంది? గ్లూకోజ్ అయిపోయాక ఎంతసేపటికి తేరుకుంటుంది?" ఇలా అడిగితే ఏం కొలవాలో, దేన్ని వదిలేయాలో దానంతటదే తేలిపోతుంది.

కల్చర్ దగ్గర ఒక జాగ్రత్త. పురుగుమందుల కొట్లో దొరికే ట్రైకోడెర్మా విరిడి ప్యాకెట్ పశువుల ఎరువులో కలిపి పొలానికి వేయడానికి తయారైంది. మోడల్ కట్టే పనికి అది పనికిరాదు. చండీగఢ్‌లోని ఎంటీసీసీ నుంచో, పుణెలోని ఎన్‌సీఐఎం నుంచో (సూక్ష్మజీవులను భద్రపరిచి ఇచ్చే కేంద్రాలివి) శుద్ధమైన రీసై కల్చర్ తెప్పించుకోండి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు గుడారాలను తినేసిన బూజు నుంచి వచ్చిన వంశం ఇది. మొదట దీన్నీ విరిడి అనే పిలిచేవారు. 1977లో ఎల్విన్ రీస్ అనే శాస్త్రవేత్త గౌరవార్థం రీసై అని పేరు మార్చారు. పాత పేపర్లలో విరిడి అని కనిపిస్తే తికమకపడకండి.

బొమ్మ గీయండి

షీటు తెరవకముందే కాగితం మీద డబ్బాలు, బాణాలు గీయండి. అందులో ఉండాల్సినవి ఇవి. సీబీహెచ్1 అనే సెల్యులేజ్ జన్యువు. దీని కాపీ జన్యుపటంలో ఒక్కటే ఉంటుంది, కానీ ఫంగస్ బయటికి వదిలే ప్రోటీన్‌లో సగానికి అటూ ఇటూ ఈ ఒక్క జన్యువుదే. దాన్ని నడిపించేది ఎక్స్‌వైఆర్1 అనే ప్రోటీన్. అణిచేది క్రీ1. గ్లూకోజ్ ఉంటే క్రీ1 పనిలోకి దిగి సీబీహెచ్1ని నేరుగానూ అణుస్తుంది, ఎక్స్‌వైఆర్1ని కూడా తగ్గించి పరోక్షంగానూ అణుస్తుంది. అంటే ఒకే తలుపుకి రెండు తాళాలు. మోడల్‌లో రెండు తాళాలంటే రెండు భిన్నాలను హెచ్చవేయడమే: ఒక్కోటి పదో వంతుకి తగ్గిస్తే ఇద్దరూ కలిసి నూరో వంతుకి తగ్గిస్తారు.

ఇంకో బాణం చాలామంది మరిచిపోతారు. సెల్యులోజ్ నీళ్లలో కరగదు, కణంలోకి పోదు. మరి బయట గడ్డి ఉందని లోపలి జన్యువుకి ఎలా తెలుస్తుంది? ఫంగస్ ఎప్పుడూ కొద్దిపాటి సెల్యులేజ్ వదులుతూనే ఉంటుంది. ఆ కాస్త ఎంజైమ్ గడ్డిని కొరికితే వచ్చే చిన్న చక్కెర ముక్కల నుంచి సోఫోరోస్ లాంటి ప్రేరకం తయారై, అది లోపలికి కబురు చేరవేస్తుంది. మోడల్‌లో ఈ కొద్దిపాటిని 'కనీస రేటు' అంటాం. దాన్ని సున్నా పెట్టారంటే ఎంజైమ్ సున్నా, ప్రేరకం సున్నా, మళ్లీ ఎంజైమ్ సున్నా. షీటు కిందిదాకా సున్నాలే. ఎక్కడో తప్పు ఫార్ములా కొట్టామని వెతుక్కుంటూ కూర్చుంటారు, ఫార్ములా మాత్రం సరిగ్గానే ఉంటుంది.

ఈ చిక్కు వల్లే నా సలహా: మొదటి మోడల్‌ని గడ్డితో మొదలుపెట్టకండి, లాక్టోస్‌తో మొదలుపెట్టండి. లాక్టోస్ కూడా రీసైకి ప్రేరకమే, పైగా కరుగుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. గడ్డిపొడిలో పెరిగిన ఫంగస్‌ని గడ్డి నుంచి వేరు చేసి తూకం వేయడం జరిగే పని కాదు. గ్లూకోసమైన్ (ఫంగస్ కణగోడలోని పదార్థం) కొలిచి అంచనా వేయాల్సి వస్తుంది, అదొక వేరే ప్రాజెక్టు. లాక్టోస్‌లో అయితే వడకట్టి, ఆరబెట్టి, తూకం వేస్తే సరి.

మొదటి సమీకరణం: ఎంఆర్ఎన్ఏ

ఎంఆర్ఎన్ఏలో నిమిషానికి వచ్చే మార్పు = తయారీ రేటు − (క్షయ రేటు × ఇప్పుడున్న ఎంఆర్ఎన్ఏ)

ఎంఆర్ఎన్ఏ అంటే జన్యువు నుంచి తయారయ్యే నకలు, దాన్ని చూసే కణం ప్రోటీన్ తయారుచేస్తుంది. పై సమీకరణాన్ని చెరువు లెక్క అనుకోండి. కాలవ నుంచి నీళ్లు వస్తుంటాయి, తూము నుంచి పోతుంటాయి. చెరువులో మట్టం పెరిగేకొద్దీ తూము నుంచి పోయే వేగమూ పెరుగుతుంది. వచ్చేదీ పోయేదీ సమానమైన చోట మట్టం నిలబడుతుంది.

అంకెలు వేసి చూద్దాం. ఇవి లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే, కొలిచినవి కావు. ఎంఆర్ఎన్ఏ అర్ధజీవితకాలం (ఉన్నదానిలో సగం క్షయమయ్యే సమయం) 20 నిమిషాలు అనుకోండి. క్షయ రేటు = 0.693 ÷ 20 = 0.0347. నిమిషానికి 2 అణువులు తయారవుతుంటే, చివరికి నిలబడే మట్టం = 2 ÷ 0.0347, అంటే సుమారు 58. అందులో సగానికి, 29కి, చేరడానికి 20 నిమిషాలు పడుతుంది. 40 నిమిషాలకి 43.

ఇప్పుడు తయారీ రేటుని రెట్టింపు చేసి 4 పెట్టండి. మట్టం 115కి పోతుంది. కానీ సగానికి చేరే టైమ్ మాత్రం అదే 20 నిమిషాలు. జన్యువుని ఎంత గట్టిగా నడిపించినా కొత్త మట్టానికి ఎంత త్వరగా చేరుతుందనేది క్షయ రేటే తేలుస్తుంది. ఇది పట్టుబడితే సగం మోడలింగ్ వచ్చేసినట్టే. ఎందుకంటే ఇకమీదట మీరు అడగబోయేది ఒకటే: ఏది గబగబా మారుతుంది, ఏది నిదానంగా మారుతుంది?

షీటులో ఎలా వేయాలి

ఎ కాలమ్‌లో సమయం, బి కాలమ్‌లో ఎంఆర్ఎన్ఏ. మొదటి గడిలో సున్నా. దాని కింద గడిలో: పై గడి + (2 − 0.0347 × పై గడి) × అడుగు. అడుగు అంటే ఒక వరుసకీ ఇంకో వరుసకీ మధ్య ఉన్న నిమిషాలు. అడుగు 2 పెడితే 0, 4, 7.7, 11.2 అని వస్తుంది. ఫార్ములాని కిందికి లాగి గ్రాఫ్ గీయండి. దీన్ని ఆయిలర్ పద్ధతి అంటారు. రేట్ల అంకెలను మాత్రం ఫార్ములా లోపల రాయొద్దు. పక్కన వేరే గడుల్లో పెట్టి డాలర్ గుర్తుతో పిలవండి, లేకపోతే ఒక అంకె మార్చాలన్నా షీటంతా తిరగరాయాలి.

ఓపిక లేక అడుగు 60 నిమిషాలు పెట్టేవాళ్లుంటారు. అప్పుడు వచ్చే వరుస ఇది: 0, 120, మైనస్ 10, 131, మైనస్ 21. "ఏంది సార్ ఇది, ఎంఆర్ఎన్ఏ మైనస్‌లోకి పోతా ఉంది" అని ఎవరో ఒకరు ప్రతి బ్యాచ్‌లోనూ అడుగుతారు. ఫంగస్‌కి ఏమీ కాలేదు. అడుగు మరీ పెద్దదై, ఉన్నదానికంటే ఎక్కువ తీసేశాం. అన్నిటికంటే చిన్న అర్ధజీవితకాలం ఎంతో చూసి, అందులో పదో వంతుకి మించకుండా అడుగు పెట్టండి.

పైథాన్ వచ్చినవాళ్లు గూగుల్ కోలాబ్‌లో సైపై వాడుకోవచ్చు, కోపసీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. మొదటిసారి మాత్రం ఎక్సెల్‌లోనే చేయండి. ప్రతి వరుసలో ఏం జరుగుతోందో కళ్ల ముందు కనపడుతుంది.

స్విచ్ పెట్టడం

తయారీ రేటు స్థిరంగా ఉండదు, గ్లూకోజ్‌ని బట్టి మారుతుంది. దానికి హిల్ ఫంక్షన్ వాడతాం. ఆర్చిబాల్డ్ హిల్ 1910లో హీమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ ఎలా అతుక్కుంటుందో చెప్పడానికి రాసిన సూత్రం ఇది, ఇప్పుడు జన్యువులకి వాడుకుంటున్నాం. పద్ధతి ఇలా: గ్లూకోజ్ గాఢతని ఒక హద్దు విలువతో భాగించండి. వచ్చినదాన్ని 'ఎన్' ఘాతానికి పెంచండి. దాన్ని 'ర' అనుకుంటే,

అణిచే స్విచ్ = 1 ÷ (1 + ర)
నడిపించే స్విచ్ = ర ÷ (1 + ర) (ఇక్కడ ర కట్టేది గ్లూకోజ్‌తో కాదు, ప్రేరకం గాఢతతో)

గ్లూకోజ్ హద్దుకి మూడు రెట్లుండి, ఎన్ 2 అయితే, ర = 9, స్విచ్ = 0.1. పది రెట్లుంటే దాదాపు 0.01. ఎన్ అనేది స్విచ్ ఎంత కరుకుగా పడుతుందో చెప్పే అంకె. హద్దుకి సగం దగ్గర నుంచి రెట్టింపు దాకా ప్రేరకం పెరిగితే, ఎన్ 1 ఉన్నప్పుడు నడిపించే స్విచ్ 0.33 నుంచి 0.67కి పోతుంది. ఎన్ 4 ఉంటే 0.06 నుంచి 0.94కి ఎగబాకుతుంది. మొదట్లో ఎన్ 2 పెట్టి వదిలేయండి. మీ డేటా దాన్ని తేల్చేంత దగ్గర దగ్గరగా ఉండదు.

మొత్తం తయారీ = కనీస రేటు + గరిష్ఠ రేటు × నడిపించే స్విచ్ × అణిచే స్విచ్. లాక్టోస్ పుష్కలంగా ఉన్నంతసేపూ నడిపించే స్విచ్‌ని 1 అనుకోవచ్చు.

గ్లూకోజ్ ఎలా తగ్గుతుందో దానికీ సమీకరణం రాయాలని ఉబలాటపడకండి. కొలవండి, కొలిచిన అంకెలనే షీటులో నేరుగా పెట్టండి. డీఎన్ఎస్‌తో (క్షయకరణ చక్కెర ఏదున్నా రంగు మారే రసాయనంతో) గ్లూకోజ్ కొలవొద్దు. లాక్టోస్ కూడా క్షయకరణ చక్కెరే కాబట్టి రెండూ కలిసి రంగునిస్తాయి. నెల్లూరు పొగతోట ల్యాబుల్లో షుగర్ టెస్టుకి వాడే జీఓడీ-పీఓడీ కిట్ గ్లూకోజ్‌ని మాత్రమే పట్టుకుంటుంది, అది తెచ్చుకోండి.

ప్రోటీన్, ఆ తర్వాత ఒక కోత

పుస్తకం ప్రకారం ఇప్పుడు రెండు డబ్బాలు రావాలి: కణం లోపలి ప్రోటీన్, బయటికి వచ్చిన ప్రోటీన్. లోపలిదానికి ఇంకో తగ్గుదల ఉంటుంది. ఫంగస్ పెరిగేకొద్దీ ఉన్న ప్రోటీన్ పలచబడుతుంది. ఫంగస్ 4 గంటలకి రెట్టింపయితే పలచబడే రేటు నిమిషానికి 0.693 ÷ 240 = 0.0029. బయట ఫ్లాస్కులో ఉన్న ఎంజైమ్‌కి ఇది వర్తించదు, ఫంగస్ పెరిగినంత మాత్రాన ఫ్లాస్కులో నీళ్లు పెరగవు కదా.

అయితే రీసైలో ఎంజైమ్ తయారై బయటికి రావడం నిమిషాల్లో అయిపోయే పని. మీరు శాంపిల్ తీసేది 12 గంటలకొకసారి. నిమిషాల్లో జరిగేదాన్ని 12 గంటల కళ్లద్దాలతో చూడలేరు. కాబట్టి లోపలి ప్రోటీన్ డబ్బా కొట్టేయండి. అదే లెక్కన ఎంఆర్ఎన్ఏ డబ్బా కూడా పోతుంది. 20 నిమిషాల అర్ధజీవితకాలం ఉన్నది 12 గంటల్లో ఎప్పుడో తన మట్టానికి చేరిపోయి ఉంటుంది. మరి ఇంతసేపూ ఎంఆర్ఎన్ఏ లెక్క ఎందుకు కట్టించినట్టు? ఏ లెక్కతో దాన్ని కొట్టేశామో వైవాలో చెప్పగలగాలి, అందుకని. గ్లూకోజ్ వేసిన మొదటి గంటలో పది నిమిషాలకొకసారి ఆర్‌టీ-పీసీఆర్ (ఎంఆర్ఎన్ఏ కొలిచే పరీక్ష) చేసే సౌకర్యం మీకుంటే మాత్రం ఆ డబ్బా ఉంచండి.

మిగిలింది ఒకే సమీకరణం:

ఫ్లాస్కులో ఎంజైమ్ గంటకి పెరిగేది = ఫంగస్ బరువు × మొత్తం తయారీ − (ఎంజైమ్ క్షయ రేటు × ఉన్న ఎంజైమ్)

ఇక్కడ మొత్తం తయారీ అంటే ఎంఆర్ఎన్ఏ కాదు, గ్రాము ఫంగస్ గంటకి వదిలే ఎంజైమ్. స్విచ్‌ల సూత్రం అదే.

మూడు రకాల ఫ్లాస్కులు

ఒకటి: లాక్టోస్ మాత్రమే. రెండు: లాక్టోస్, మొదటి నుంచీ గ్లూకోజ్. మూడు: లాక్టోస్‌తో మొదలుపెట్టి 60వ గంటలో గ్లూకోజ్ వేసేది. ఒక్కో రకానికి మూడేసి ఫ్లాస్కులు. 28 డిగ్రీల దగ్గర పెట్టండి. మన షేకర్లలో చాలావాటికి వేడి చేయడమే వచ్చు, చల్లబరచడం రాదు. రోహిణి కార్తెలో నెల్లూరులో 28 అంటే అవి ఏమీ చేయలేవు. వేసవిలో ఏసీ గది దొరక్కపోతే ప్రయోగాన్ని కార్తీకం దాకా వాయిదా వేయడమే మేలు. అప్పుడు తుపాన్ల గొడవ ఉంటుంది. రాత్రి కరెంటు పోయి షేకరు ఆగితే ఫంగస్‌కి గాలి అందదు, ఉత్పత్తి పడిపోతుంది. ఆగిన టైమ్ నోట్‌బుక్‌లో రాసుకోండి. లేకపోతే గ్రాఫ్‌లో ఆ వంపుని జన్యు నియంత్రణ అనుకునే ప్రమాదముంది.

ఎంజైమ్ కొలవడానికి ఫిల్టర్ పేపర్ పద్ధతి: వాట్‌మన్ 1 నంబరు కాగితం, 1 × 6 సెంటీమీటర్ల ముక్క, 50 డిగ్రీలు, 60 నిమిషాలు. ఐఐటీ ఢిల్లీ ప్రొఫెసర్ టి.కె. ఘోష్ 1987లో ఐయూపాక్ (అంతర్జాతీయ రసాయనశాస్త్ర సంఘం) తరఫున ప్రామాణికం చేసిన పద్ధతిలో ఒక మెలిక ఉంది. ఎంజైమ్ రెట్టింపు వేస్తే విడుదలయ్యే చక్కెర రెట్టింపు కాదు. అందుకే సరిగ్గా 2 మిల్లీగ్రాముల గ్లూకోజ్ వచ్చే పలచదనం వెతికి, దాని నుంచే యూనిట్లు కట్టాలి. మోడల్ ఎంజైమ్ పరిమాణాన్ని లెక్కిస్తుంది, కాబట్టి ఈ పని ఎగ్గొడితే మిగతాదంతా వృథా. కల్చర్‌లో మిగిలిన లాక్టోస్ డీఎన్ఎస్‌లో రంగునిస్తుంది కాబట్టి ఎంజైమ్ బ్లాంక్ (కాగితం లేకుండా ఎంజైమ్ ద్రవం మాత్రమే పెట్టి కొలిచి, తీసేయాల్సిన విలువ) తప్పనిసరి.

గ్రాఫ్ చూసి మోసపోకుండా

మూడో రకం ఫ్లాస్కుల దగ్గర ఎక్కువమంది బోల్తా పడతారు. మళ్లీ ఊహ అంకెలే: ఎంజైమ్ 48వ గంటలో మిల్లీలీటరుకి 0.60 యూనిట్లు, 60లో 0.84, గ్లూకోజ్ వేశాక 72లో 0.86. గ్రాఫ్ చూస్తే పెరుగుతూనే ఉంది. "గ్లూకోజ్ అణచలేదు" అని రిపోర్టులో రాసేస్తారు.

వాలు తీయండి. మొదటి 12 గంటల్లో పెరిగింది 0.24, అంటే లీటరుకి గంటకి 20 యూనిట్లు. ఫంగస్ బరువు లీటరుకి 4 గ్రాములైతే గ్రాముకి గంటకి 5 యూనిట్లు. తర్వాతి 12 గంటల్లో పెరిగింది 0.02, లీటరుకి గంటకి 1.67. ఈలోపు గ్లూకోజ్ తిని ఫంగస్ 6 గ్రాములైంది, కాబట్టి గ్రాముకి 0.28. అంటే జన్యువు పని పద్దెనిమిదో వంతుకి పడిపోయింది. ఫ్లాస్కులో కనిపించేది అప్పటిదాకా చేరిన నిల్వ. రీసై ఎంజైములు గట్టి ఘటాలు, రోజుల తరబడి చెడకుండా ఉంటాయి, అందుకే నిల్వ తగ్గలేదు. జన్యువు గురించి చెప్పేది గ్రాము ఫంగస్‌కి గంటకి ఎంత అన్న రేటే. మీ గ్రాఫుల్లో మొదటిది అదై ఉండాలి.

అంకెలు సరిపెట్టడం

మొదటి రకం ఫ్లాస్కుల డేటాతో గరిష్ఠ రేటు తేల్చండి. దాన్ని అక్కడే కట్టేసి, రెండో రకంతో గ్లూకోజ్ హద్దు, కనీస రేటు తేల్చండి. మోడల్ చెప్పినదానికీ మీరు కొలిచినదానికీ తేడా తీసి, వర్గం చేసి, కూడండి. ఆ మొత్తం అన్నిటికంటే తక్కువయ్యేలా ఎక్సెల్‌లోని సాల్వర్ వెతికిపెడుతుంది. సాల్వర్‌ని రెండు మూడు వేర్వేరు మొదటి అంకెలతో నడిపించండి. ప్రతిసారీ వేరే జవాబు వస్తే, మీ డేటాతో తేలని అంకెని తేల్చమని అడుగుతున్నారన్నమాట. ఉదాహరణకి ఎంజైమ్ మాత్రమే కొలిచి, ఎంఆర్ఎన్ఏ తయారీ రేటు, అనువాద రేటు (ఎంఆర్ఎన్ఏ నుంచి ప్రోటీన్ తయారయ్యే రేటు) రెండూ విడివిడిగా కావాలంటే రావు. 2 × 50 అయినా 10 × 10 అయినా ఎంజైమ్‌కి ఒకటే. అలాంటి రెండింటినీ కలిపి ఒకే అంకెగా రాయండి.

మూడో రకం ఫ్లాస్కుల డేటాని సాల్వర్‌కి అస్సలు చూపించొద్దు. తేలిన అంకెలతో మోడల్ చేత ముందుగా జోస్యం చెప్పించి, తర్వాతే పోల్చండి. కలవకపోతే కంగారు పడొద్దు. తేడా ఏ గంటల్లో వచ్చిందో చూడండి. గ్లూకోజ్ అయిపోయాక కూడా ఎంజైమ్ చాలాసేపు రాకపోతే, అణిగిన ఎక్స్‌వైఆర్1 మళ్లీ పోగుపడడానికి టైమ్ పడుతోందేమో, దానికొక డబ్బా కలపండి. ఉత్పత్తి బాగా ఎక్కువున్న దశలో మోడల్ కంటే తక్కువ వస్తుంటే, బయటికి పంపే దారి కిక్కిరిసినప్పుడు రీసై తనంతట తానే సెల్యులేజ్ ఎంఆర్ఎన్ఏని తగ్గించుకుంటుందని తెలిసిందే, ఆ వైపు ఆలోచించండి. ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి.

వీలైతే రట్-సి30 అనే ఉత్పరివర్తితాన్ని కూడా పెంచండి. అందులో క్రీ1 జన్యువు తెగిపోయి ఉంటుంది. మోడల్‌లో అణిచే స్విచ్‌ని 1 చేసి, మరే అంకె మార్చకుండా రెండో రకం ఫ్లాస్కుల ఫలితం ముందే రాసి పెట్టుకోండి.

రిపోర్టులో

వాడిన అంకెలన్నిటికీ ఒక పట్టిక వేయండి. ప్రతి అంకె పక్కన ప్రమాణం రాయండి, అది ఎక్కడిదో రాయండి: కొలిచిందా, పేపర్ నుంచి తీసుకుందా, సాల్వర్ తేల్చిందా, ఊరికే అనుకుందా. నాలుగో రకం ఉన్నందుకు ఎవరూ మార్కులు కొయ్యరు, దాచితే కోస్తారు. వైవాకి ప్రింటుతో పాటు షీటుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. ఎగ్జామినర్ గ్లూకోజ్ గడిలో అంకె మార్చమని అడిగితే, ఎంటర్ కొట్టకముందే గీత ఎటు కదులుతుందో మీరు చెప్పండి.